సాంబమూర్తి చేతి కొలత

బెంజ్ సర్కిల్ పక్క సందులో ఉన్న బార్‌లో సాంబమూర్తి ఇరవై రెండేళ్లుగా బేరరు. పామర్రు దగ్గర మగ్గం నేసిన చెయ్యి అది. మగ్గం కూడు పెట్టక ఇటొచ్చాడు. రోజూ మా బట్టల కొట్టు కట్టేశాక నేను కూర్చునేది అతని టేబుల్ దగ్గరే.

స్మాలంటే ముప్పై, లార్జంటే అరవై మిల్లీలీటర్లని గోడ మీది బోర్డు చెబుతుంది. అతని చేతికి బోర్డు అక్కర్లేదు. నీట్ అడిగినవాడికి నీళ్లూ, సోడా, ఐసూ ఏవీ తగలనివ్వడు. రాక్స్ అంటే ముందు ఐసుముక్కలు, ఆ పైన మెల్లగా విస్కీ. కస్టమర్ ఎదుటే కొలత కప్పు అంచుదాకా నింపి, చుక్క ఒలకకుండా గ్లాసులో వంచడం అక్కడి ఆచారం. ఇంతమందికి పోసినవాడు తను మాత్రం ఒక్క చుక్క ముట్టలేదు. భార్య భద్రమ్మ తండ్రి తాగి తాగి పోయాడు. అందుకని పెళ్లైన కొత్తలోనే ఆమెకు అమ్మవారి మీద ఒట్టేశాడు.

పోయినేడాది అతని చేతులు వణకడం మొదలైంది. సోడా కలిపే గ్లాసుల దగ్గర ఎలాగో నెట్టుకొచ్చాడు. నీట్ దగ్గర దొరికిపోయాడు. టేబుల్ మీద ఒలికింది చూసి జనం గొడవ పెట్టారు. యజమాని వెంకటకృష్ణారావు గారు మా ముందే నిలదీశారు.

"సీసాల్లోది మింగుతున్నావా సాంబమూర్తీ? వారం టైమిస్తున్నా. చెయ్యి కుదిరితే ఉండు, లేకపోతే వెళ్లిపో."

"అమ్మతోడండీ, నేను ముట్టనండీ!"

ఎవరూ నమ్మలేదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటే కళ్లు తిరిగి ట్రేతో సహా పడ్డాడు.

అప్పుడు సలహా ఇచ్చిన వెధవను నేనే. ఈ రకం వణుకు కొందరికి కాస్త తాగితే తగ్గుతుందని ఎక్కడో చదివాను. చదివినవాణ్ణి నోరు మూసుకోవచ్చుగా! "ఒక్క స్మాల్, నీట్‌గా వేసి చూడు. వైద్యమనుకో" అన్నాను. మిగిలిన గడువంతా నాతో మాట్లాడలేదు. ఏడో రోజు సాయంత్రం వంటగది వెనక నిలబడి, కళ్లు మూసుకుని మింగాడు. పావుగంట తర్వాత నా ఎదుట లార్జ్ పోశాడు. చుక్క ఒలకలేదు. తన చెయ్యి తనే చూసుకుని ఏడ్చేశాడు.

"భద్రమ్మకు చెప్పకండి. మీరేదో వైద్యం చెప్పారంటాను" అన్నాడు.

"చూశారా, మానేసేసరికి చెయ్యి ఎలా కుదిరిందో!" అని యజమాని అతని భుజం తట్టారు.

ఇప్పుడు స్మాల్ చాలడం లేదు. పొద్దున్నే లార్జ్ పడితేగానీ చొక్కా గుండీలు పెట్టుకోలేడు. మానెయ్యమని బతిమాలాను.

"మానితే వణుకు రెండింతలవుతోందండీ. ఈ ఉద్యోగం పోతే నన్నెవరు తీసుకుంటారు?"

 బిల్లు కట్టి లేచొచ్చాను.

మొన్న భద్రమ్మ మా కొట్టుకొచ్చింది. ఇరవై రెండేళ్లుగా భర్త చొక్కాలకు అదే బార్ వాసన, ఆమెకు కొత్తగా ఏం తెలుస్తుంది? సంచి నిండా పెరటి నిమ్మకాయలు తెచ్చి నా ముందు పెట్టింది.

"మీరు చెప్పిన వైద్యమేనటగా బాబూ! ఆయన చెయ్యి కుదిరింది. మీ మేలు మర్చిపోలేం" అని దణ్ణం పెట్టింది. గుమ్మందాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చింది.

"ఆయనకసలే బద్ధకమండీ. మధ్యలో మానెయ్యకుండా మీరే చూడాలి."

సరేనమ్మా అన్నాను.