లాభం, రెండు, మూడు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నాకు జమ్మలమడుగు దగ్గర పల్లెలో బాలవాడి టీచరు ఉద్యోగం వచ్చింది. మా నాయన ప్రొద్దుటూరులో గుమాస్తా. అంగట్లో బియ్యం కొనుక్కునే ఇల్లు మాది, పంట కల్లం మొహం నేనెరగను. నాకు తెలియనిది లేదనే పొగరు మాత్రం దండిగా ఉండేది.

బాలవాడి ఒక పెద్దరైతు కొట్టంలో నడిచేది. ఇసుక, కొబ్బరిచిప్పలు, చింతగింజలు, ఇవే మా పుస్తకాలు. ఆ రైతు మనవరాలికి నాలుగేళ్లు. రోజూ చిప్పతో ఇసుక కొలుస్తూ "లాభం, రెండు, మూడు" అని లెక్కపెట్టేది. "లాభం కాదే, ఒకటి" అని పట్టుబట్టి మాన్పించాను. ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను కూడా.

వారం తిరక్కముందే పెద్దాయన గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏందమ్మా నువ్వు నేర్పిస్తాండేది? కల్లంలో జొన్నలు కొలుస్తా నేను లాభం అంటే, 'తప్పు అబ్బా, ఒకటి అను' అని ఈ పాప అరిచె. మొదటి శేరును ఎవరన్నా ఒకటి అంటారా? లాభం అంటేనే గదా పంట కలిసొచ్చేది. కూలోల్లంతా నవ్విరి. ఆడుకునేదానికి బడి ఎందుకు? రేపటికి కొట్టం ఖాళీ చెయ్."

కొట్టం పోతే బాలవాడి లేదు, నా ఉద్యోగమూ లేదు. "నాకు తెలీదు పెద్దాయనా, తప్పయింది" అన్నాను. ఆ మాట నోట్లోంచి రావడానికి ఎంత కష్టపడ్డానో!

అక్కడ అబ్బ అంటే తాత. తాత కోపం మనవరాలికి పట్టలేదు. "అబ్బా, గోతం పట్టుకో" అని పాత గుడ్డసంచి ఆయన చేతిలో పెట్టింది. కాదనలేక చతికిలబడ్డాడు. పాప చిప్ప నింపి నా వైపు చూసింది.

"లాభమే అను" అన్నాను.

"లాభం, రెండు, మూడు..."

అయిదో చిప్ప పడగానే ఆయన కావాలనే "నాలుగు" అన్నాడు.

"నాలుగు అయిపాయ అబ్బా! ఇది అయిదు. దొంగలెక్క చెప్పాకు" అని పాప సంచి మూతి గట్టిగా పట్టేసుకుంది.

ఆయనకు నవ్వాగలేదు. "ఇదంతా ఎవురు నేర్పిచ్చిరే?"

"ఎవురూ నేర్పిచ్చలే. ఆడుకుంటాండాం."

పెద్దాయన ఇసుక దులుపుకుని వెళ్లిపోయాడు. ఖాళీ చెయ్యమన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. మర్నాడు పొద్దున్నే ఏడుపు దిగమింగుకుంటూ తట్టాబుట్టా సర్దుతున్నాను. ఆయన పాపను చెయ్యి పట్టి నడిపిస్తూ, దాని తమ్ముణ్ణి భుజం మీదేసుకుని వచ్చి, కట్టిన మూట చూసి గద్దించాడు.

"ఇవన్నీ ఎందుకు సర్దినావమ్మా? వీడు దేంతో ఆడుకోవాల?"