మేతతో సహా పిల్లి వాపసు

పెరుమాళ్‌సామి నాయుడు ఏది ఇంటికి తెచ్చినా, మరునాటికల్లా దాన్ని తిరిగి ఇచ్చేయాలనే ఆలోచనలో పడేవాడు. కుంపినీవారి దొరతనంలో, పొల్లాచ్చి దారిలోని నల్లరేగడి పల్లెలో ఆయన గడిపిన జీవితం గురించి మా కుటుంబంలోని వృద్ధస్త్రీలు అనేక విషయాలలో విభేదిస్తారు. ఈ ఒక్క విషయంలో మాత్రం సాక్ష్యాలన్నీ ఏకీభవిస్తాయి. తరతరాలుగా ఆయన సంగతులను అన్నంతోపాటు వడ్డిస్తూ వచ్చారు కనుక, బతికున్న బంధువులలో చాలామందికంటే ఆయనే నాకు బాగా తెలిసిన మనిషి.

ఈ అలవాటుకు మూలం పశువుల సంత. ఎద్దును కొన్నవాడికి దానిలో తప్పు కనబడితే, వచ్చే సంతలోగా వాపసు చేసే హక్కు ఉండేది. షరతు ఒక్కటే: వాపసు వెళ్ళే పశువు వెంట దాని మేత కూడా వెళ్ళాలి. ఎద్దుల వరకు ఇది న్యాయమైన ఆచారం. నాయుడు దీనిని సకల వస్తువులకూ విస్తరింపజేశాడు. తాటాకు గొడుగు ఎడమవైపు ఎక్కువ నీడనిస్తున్నదని వాపసు చేశాడు. కొత్త చెప్పులలో కుడిది తొందరపడుతున్నదని వాపసు చేస్తూ, వాటి మేత కింద గిద్దెడు ఆముదం కూడా పంపాడు.

పెళ్ళయిన కొత్తలో భార్య తిరుమలమ్మాళ్‌ను బండిలో కూర్చోబెట్టుకుని మామగారింటికి వెళ్ళి, పిల్ల నడక తిన్నగా లేదని విన్నవించుకున్నాడు. ఆచారం ప్రకారం బండిలో ఒక బియ్యం మూట ఉన్నది. మామగారు కూతురి మడమలోని ముల్లు తీసి, బియ్యం దించుకుని, ఇద్దరినీ వెనక్కి పంపించారు. తిరుమలమ్మాళ్ ముల్లును మరిచిపోయింది కానీ బియ్యాన్ని మాత్రం మరువలేదు. ఇంట్లో ఏ మాట పెరిగినా, "నాకు మేత కట్టిన మనిషే గదా మీరు" అనే దగ్గర అది ముగిసేది.

ఇటువంటి ఇంటికి ఒక పిల్లి అవసరమైంది. విత్తనాలకు దాచిన సజ్జల గాదెలో ఎలుకలు కాపురం పెట్టాయి. వానలు దగ్గరపడుతున్నాయి. విత్తనం పోతే ఆ ఏడు పొలం బీడే. మంచి పిల్లిని తెమ్మని తిరుమలమ్మాళ్ పోరింది.

పిల్లులు దొరికే చోటు పొల్లాచ్చి దారిలోని పాత సత్రం. ఒకప్పుడు అక్కడ పళని యాత్రికులకు అన్నం పెట్టేవారు. సత్రపు మాన్యాన్ని కుంపినీవారు తమ లెక్కలో కలుపుకున్నాక పొయ్యి చల్లబడింది, యాత్రికులు తగ్గారు. అక్కడ వండి వడ్డించిన రామక్కాళ్ అనే వృద్ధురాలు మాత్రం కదలలేదు. పాత పేరును నమ్మి, జనం తమకు అక్కరలేని పిల్లులను ఇంకా అక్కడే వదిలిపోయేవారు. ఎవరైనా ముద్ద తెచ్చి ఇవ్వబోతే, తాను పెట్టిన చేయి గానీ పట్టిన చేయి కాదని చెప్పి రామక్కాళ్ దానిని వారి ఎదుటే పిల్లులకు పెట్టేసేది.

ఆ పిల్లులలో ఒక బూడిదచారల దానిని నాయుడు ఎంచుకున్నాడు. నోరు తెరిపించి పళ్ళు చూశాడు. వెన్ను నిమిరాడు. ఆ చివరినుంచి ఈ చివరికి నడిపించాడు. సంతలో బేరమంటే ఇద్దరూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళ గుర్తులతో ధర తేల్చుకోవడం. పరాయి స్త్రీ చేయి పట్టకూడదు కనుక, నాయుడు తువ్వాలు కింద తన కుడిచేతితో తన ఎడమచేతికే బేరమాడి, చాలా శ్రమపడి, పిల్లిని ఊరికే తీసుకోవడానికి ఒప్పుకున్నాడు.

పిల్లి ఆ వారం ఎలుకలను తరిమింది. మరుసటి సంతనాటికి నాయుడికి దాని చెవి వెనుక ఒక సుడి కనబడింది. ఎద్దుకు అక్కడ సుడి ఉంటే యజమానికి అచ్చిరాదు. పిల్లి మేత మూటతో సహా వాపసు వెళ్ళింది. ఆపై వారమంతా ఆయన, సుడి కాస్త పక్కకే ఉన్నదేమోనని మథనపడి, మళ్ళీ వెళ్ళి దానిని తెచ్చాడు. ఇదే వరుస అయింది. ఒక సంతకు పిల్లి వచ్చేది, మరుసటి సంతకు పోయేది. పిల్లి లేని వారం ఎలుకలకు పండుగ. ఒకసారి అది ఎడమకాలు ముందు వేస్తున్నదన్నాడు. ఇంకొకసారి బండి కాడిని చూసి బెదిరిందన్నాడు. చివరకు అది నెమరు వేయడం లేదని కనిపెట్టాడు.

"మామా, పిల్లి యాడైనా నెమరేసునా?" అని అడిగింది తిరుమలమ్మాళ్.

"అదే గదా నేనూ చెప్పేది. ఇంతదాకా ఒక్క తూరి గూడా వేయలా."

ఊరంతా నవ్వుకున్నది. తిరుమలమ్మాళ్ మాత్రం ఎలుకలు కొరికిన విత్తనం చేటలో పోసుకుని చూస్తూ కూర్చునేది.

వానలకు ముందు వచ్చిన సంతనాడు నాయుడికి చలిజ్వరం వచ్చింది. గొంగళిలోనుంచే ఆయన, పిల్లి ఈ రోజే వాపసు వెళ్ళాలని పట్టుబట్టాడు. ఒక్క సంత ఆగితే పిల్లి ముసలిదైపోతుందా అని ఆమె అడిగింది.

"పిల్లికేమీ గాదు. నువ్వు పో. మేత మూట కట్టి పెట్టినాను, దాన్ని మరవొద్దు."

తిరుమలమ్మాళ్ వెంటనే ఒప్పుకున్నది. పిల్లిలో ఏ తప్పూ లేదని ఆ ముసలావిడ చేతనే చెప్పించి, ఈ రాకపోకలకు ముగింపు పలకాలని ఆమె సంకల్పం. దారి పొడవునా వాదనలు వరుసగా పేర్చుకున్నది.

రామక్కాళ్ సత్రం తిన్నె మీద కూర్చుని ఉన్నది. పక్కన తోమి బోర్లించిన కుండ. పొయ్యిలో పాత బూడిద గట్టిపడి ఉన్నది. బండిలోనుంచి తిరుమలమ్మాళ్ మూట తీస్తుంటే ముడి వదులై, లోపలి సరుకు మొదటిసారిగా ఆమె కంటబడింది. సజ్జలు, ఉలవలు, చింతపండు, ఎండుమిరపకాయలు, అన్నిటికీ పైన తడిగుడ్డలో చుట్టిన తమలపాకులు, వక్కలు. ఆమె వాటిని చూసింది, పొయ్యిని చూసింది, మళ్ళీ వాటిని చూసింది.

"అక్కా, పిల్లి ఆకువక్క వేసునా?"

"ఈ పిల్లి వేసును," అన్నది రామక్కాళ్, ముఖంలో ఏ మార్పూ లేకుండా. "నీ మొగుడు రాలేదే? సరి, ఈ తూరి ఏం కుత్తం, అది చెప్పు. కుత్తం లేకుంటే వాపసు లేదు. వాపసు లేకుంటే మేత లేదు. మూట ఎత్తుకుని పో."

కుత్తమంటే తప్పు. పిల్లిలో తప్పు లేదని నిరూపించడానికి వచ్చిన తిరుమలమ్మాళ్, పేర్చుకున్న వాదనలన్నిటినీ అక్కడే వదిలేసి, ఒక తప్పు కోసం తడుముకోవలసి వచ్చింది. భర్తకు ఇంత సులువుగా అబ్బిన విద్య ఆమెకు అబ్బలేదు. ఎట్టకేలకు ఒకటి దొరికింది.

"ఎలుకలను పట్టడం లేదక్కా."

ఆమె మాట పూర్తయ్యేసరికి, బండి ఆగగానే దూకి లోపలికి దూరిన బూడిదచారల పిల్లి సత్రం మూలనుంచి ఒక బలిసిన ఎలుకను నోట కరుచుకుని వచ్చి, ఇద్దరి మధ్య పెట్టి కూర్చున్నది. ఇద్దరూ ఎలుకను కాసేపు చూశారు.

"అవును, పెద్ద కుత్తమే," అన్నది రామక్కాళ్. "మూట దించు."

తిరుగుదారిలో తిరుమలమ్మాళ్‌కు వేరే మూట ఒకటి గుర్తుకొచ్చింది. తన పెళ్ళయిన ఏడాది వానలు లేవు. పుట్టింటి గాదె అడుగంటిన మాట ఊరందరికీ తెలుసు. అల్లుడు ఇచ్చే బియ్యాన్ని ఊరికే పుచ్చుకునే మనిషి కాదు నాన్న. ఇన్నేళ్ళూ తాను ఆ బియ్యాన్ని తనకు కట్టిన మేతగానే లెక్కపెట్టుకున్నది.

ఇల్లు చేరేసరికి నాయుడు గొంగళి కప్పుకుని గడపలో నిలబడి ఉన్నాడు. మూట దించావా అన్నదే ఆయన అడిగిన మొదటి ప్రశ్న. దించానని చెప్పి ఆమె బండిలోనుంచి బూడిదచారల పిల్లిని తీసి నేరుగా గాదె దగ్గర వదిలింది. తరువాత ఇంకొక పిల్లిని దించింది. దానికి ఒక కన్ను లేదు, తోక సగమే ఉన్నది, ఒక చెవి చినిగి ఉన్నది.

"ఇదేంది?"

"అది ఎలుకలకు, ఇది వాపసుకు," అన్నది తిరుమలమ్మాళ్.

నాయుడు భార్య ముఖంలోకి ఒకసారి చూసి, కొత్త పిల్లిని ఎత్తుకున్నాడు. పళ్ళు చూశాడు, వెన్ను నిమిరాడు, చెవుల వెనుక వెతికాడు, ఉన్నంతవరకు తోకను కొలిచాడు. ఇంతసేపు పరీక్షించి ఏ తప్పూ పట్టలేకపోవడం ఆయన జీవితంలో అదే మొదలని సాక్షులందరూ చెబుతారు.

"దీంట్లో కుత్తమేమీ లేదే," అన్నాడు దిగులుగా.

"ఉండనీండి మామా. సంతలోగా నేను కనిపెట్టి ఇస్తా."