పడుగు ఆరకముందే పోయిన అక్క

మా పక్కింటి అక్క "ఎవరి మనసూ నొప్పించకుండా కన్నుమూసింది" అని మీ పత్రిక పోయిన వారం సంచికలో వేశారు. కన్నుమూసిన మాట నిజం. మిగతాది దిద్దుకోండి. ఒకరిని బాగా నొప్పించే పోయింది. కాపురానికి వచ్చిననాటి నుంచీ గోడ ఇవతల ఉన్నదాన్ని, నాకు తెలుసు.

గుడియాత్తం నేతవీధిలో మావి ఒకే వరస మిద్దెలు. ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే గోడ. నడిమి ఇల్లు అక్కది. ఇటు నేను, అటు ఆమె మరిది. బావ పోయాక, కర్మలైనా ముగియకముందే ఆ మరిది వచ్చి మగ్గం ఊడదీశాడు. నేసేవాడు లేని ఇంట్లో మగ్గమెందుకన్నాడు. వదిన పుట్టింటికి పోతే ఇల్లు తాను చూసుకుంటానన్నాడు. అక్క చెంగుతో ముఖం తుడుచుకుని, "తీసకపో నాయనా. గుంట ఈడనే ఉండాది గదా" అంది.

నేసేవాడు కాళ్లు దించుకుని కూర్చునే ఆ మగ్గం గుంటలోకి తానే దిగింది. కొత్త మగ్గం పెట్టించుకుని, మా వీధిలో ఆడవాళ్లు కూర్చోని చోట కూర్చుని కైలీ లుంగీలు నేసింది. మరిది ముసుగుతన్ని పడుకుని ఉండగానే ఆమె మగ్గం చప్పుడు మొదలయ్యేది. ఆయన నిద్ర చెడదా అని అడిగాను ఒకసారి.

"చెడాలనే గదమ్మా. పొద్దన్నే లేయాలని నాకేమన్నా సరదానా?"

నూలు కండెలు చుట్టడానికి మేల్పాడి నుంచి వచ్చిన, నా అన్నవారు లేని ఒకామెను ఇంట్లోనే ఉంచుకుంది. తన తర్వాత ఇల్లు ఆమెదేనని వీధి పెద్దలను పిలిచి చెప్పింది. ఆ పూట మరిది అన్నం ముట్టలేదని విన్నాం. అక్కా నేనూ తిన్నాం, పాయసంతో సహా.

నేను వేలూరు బడిలో చదివానని అక్కకు గర్వం. "నీకు నోరుండాది, నాకు మగ్గముండాది. ఎవురు ముందు పోయినా రెండోది ఆయప్పను ఇడవగూడదు" అనేది, మరిది గోడవైపు చూపించి.

ఆమె పోయిన పొద్దున మరిది పడుగు వీధి పొడవునా సాగి ఉంది. గంజి అప్పుడే పట్టించారు. ఆరేదాకా కుంచె ఆడుతూనే ఉండాలి. ఆపితే పోగులన్నీ అంటుకుపోతాయి. మా వరసలో ఏ ఇంట్లో ఏడుపు వినబడినా, శవం లేచేదాకా ఎవరూ నూలు ముట్టరు. అక్క ఊపిరి ఆగిందని తెలిసి ఆయన గుమ్మం దగ్గరికి వచ్చాడు. వదినను చూడటానికనుకున్నాను.

"అమ్మా, పడుగు తడిగా ఉండాది. ఆరేదాకా ఎవురూ ఏడవగాకండి" అన్నాడు.

చదువుకున్నదానికి గట్టిగా ఏడవడం చేతకాదని నా వెనక అనుకునేవారు. ఆ పొద్దు నా ఏడుపు వీధి కొసదాకా వినబడింది. దుఃఖం నిజమే, గొంతు మాత్రం ఆయన కోసం పెంచాను. కుంచెలు పట్టినవాళ్లు వాటిని కింద పెట్టి మావైపు నడిచారు. అక్కను తీసుకుపోయే వేళకు పడుగు అట్టకట్టి ఎండలో మెరుస్తోంది.

మూడోనాడు ఆయన కండెల ఆమె మూటను వీధిలో పెట్టి, అక్క తలుపుకు తన తాళం వేశాడు. పెద్దలు వచ్చి తీయించారు. తన తాళం తాను పట్టుకుపోయాడు. ఇప్పుడా తలుపుకు గొళ్లెమే దిక్కు.

నెల మాసికానికి వేలూరు నుంచి వచ్చేవారిలో ఎవరైనా సరే, బజారులో మంచి దిండుగల్ తాళం ఒకటి కొని తీసుకురండి. రెండు చెవులూ కండెల ఆమె చేతిలోనే పెట్టండి, అదీ మరిది తన అరుగు మీద కూర్చుని ఉన్నప్పుడు. తాళానికి నూనె వేయించవద్దు. తిప్పినప్పుడల్లా కిర్రుమనాలి.