మహిళల్లో ప్రథమ

ఆ రోజుల్లో మా కోనసీమలో ఆడపిల్ల ఏ పనికి బయల్దేరినా, ఆ పని చెయ్యగలదా లేదా అని ఎవరూ అడిగేవారు కాదు. చీకటి పడేలోగా ఇల్లు చేరుతుందా అని అడిగేవారు. అడిగినవాళ్ళందరూ మన మేలు కోరేవాళ్ళే, అందులో సందేహం లేదు. మొన్న మా చెల్లెలి కొడుకు (బాగా చదువుకున్నవాడు, నా మందులు మరిచిపోకుండా తెచ్చిపెట్టేవాడు, దేవుడు వాడిని చల్లగా చూడాలి) పేపరు తిరగేస్తూ, "పెద్దమ్మా, చదరంగంలో పై మెట్టుకి చేరిన ఆడవాళ్ళు ఎందుకింత తక్కువంటావు? బుర్రలోనే ఏదో తేడా అని ఒకాయనా, పట్టుదలలో తేడా అని ఇంకొకాయనా రాసేరు చూడు" అన్నాడు. "బుర్ర సంగతి దాన్ని చేసినవాడికి తెలియాలి నాయనా. నాకు తెలిసిందల్లా పంటు సంగతి" అన్నాను. వాడు రేవు మీద వంతెన పడ్డాక పెరిగినవాడు. పంటంటే మనుషుల్నీ సైకిళ్ళనీ గేదెల్నీ కలిపి నది దాటించే బల్లకట్టని కూడా వాడికి తెలియదు. అందుకని కథంతా చెప్పాల్సి వచ్చింది. నేను నవ్వుతూనే చెప్పాననుకుంటున్నాను. వాడు మాత్రం నవ్వలేదు.

అప్పనపల్లికి దగ్గర్లో మా ఊరు. చిన్నతనంలో కీళ్ళజ్వరం వచ్చి నా గుండె కాస్త బలహీనపడిందని డాక్టరు గారు చెప్పడంతో, బడి మాన్పించి నన్ను మా తాతయ్య చేతిలో పెట్టారు. తాతయ్య మిషను బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. పొద్దున్నే బైబిలు వాక్యం చదివించి, ఆ తర్వాత లెక్కలూ ఇంగ్లీషూ చెప్పి, మధ్యాహ్నం ఇద్దరికీ నిద్ర రాక చదరంగం పరిచేవాడు. మా పెట్టెలో ఒక గుర్రం ఎప్పుడో పోయింది. దాని బదులు తాతయ్య కొబ్బరిచిప్ప ముక్కొకటి అరగదీసి పెట్టాడు. (అందుకే అసలు గుర్రం మొహాన్ని దగ్గరగా చూస్తే నాకిప్పటికీ కొత్తగా ఉంటుంది.) మొదటి కొన్నేళ్ళూ ఆయనే గెలిచాడు. నాకు పదహారేళ్ళు వచ్చేసరికి నేను గెలవడం మొదలైంది. అదే ఏడు ఆయన కళ్ళకు శుక్లాలు కూడా మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం వరసగా ఓడిపోయి, బల్ల మీద చేత్తో తడుముతూ, "నాకు చూపు తగ్గి ఓడుతున్నానో, నీకు ఆట వచ్చి గెలుస్తున్నావో తెలీడం లేదమ్మా. అమలాపురంలో పోటీలు పెడుతున్నారంట. వెళ్ళి నువ్వెంతదానివో చూసుకునిరా. నాక్కూడా తెలుస్తుంది" అన్నాడు. అంతకుముందు నాకెప్పుడూ తోచని ఆ ప్రశ్న ఆ క్షణం నుంచి నాకు తిండి సహించనివ్వలేదు. నేనెంతదాన్ని?

నాన్నగారు వద్దనలేదు, ఆయన ఎప్పుడూ వద్దనేవారు కాదు. "వెళ్ళనీ పాపం. అయితే సాయంత్రం పంటుకి ఇవతలికి వచ్చెయ్యాలి. చీకట్లో ఏరు దాటడానికి వీల్లేదు" అన్నారు. తోడు మా మేనత్తని పంపించారు. అత్తయ్య మా సంఘంలో స్త్రీల కూడికలకు పెద్ద. ప్రార్థన మొదలుపెడితే ఊళ్ళో ఎవరినీ మరిచిపోయేది కాదు, అందువల్ల తొందరగా ముగించేదీ కాదు. చదరంగమంటే పాచికలుంటాయనే అనుకుంటూ నాతో అమలాపురం వచ్చింది.

పోటీలు ఒక రీడింగు రూములో. ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు తర్వాతి ఆటకి. పొద్దున్నించి సాయంత్రం దాకా నాలుగు ఆటలు. నాలుగూ గెలిచినవాడు కాకినాడ వెళ్ళి జిల్లా జట్టు కోసం ఆడతాడు. లోపలికి అడుగుపెట్టేసరికి అంతా మగవాళ్ళే. పోటీలు పెట్టిన సెక్రటరీ గారు చాలా మంచి మనిషి, ఎదురొచ్చి, "రండమ్మా రండి! ఒరేయ్, ఆడపిల్ల వచ్చిందిరా, ఆ ఫ్యాను ఇటు తిప్పండి" అన్నారు. ఉన్నది ఒకటే ఫ్యాను. దాంతో ఆ రోజంతా నాకు చలీ, మిగతా అందరికీ చెమటా పట్టాయి. నా మీద విసుక్కోవడానికి వాళ్ళకి ఆ కారణం కూడా దొరికింది.

మొదటి ఆటలో నా ఎదురు కూర్చోవలసిన అబ్బాయిని స్నేహితులు చుట్టుముట్టి, "గెలిస్తే ఆడపిల్లని ఓడించేడంటారు, ఓడితే ఊళ్ళో తిరగలేవు. చూసుకోరా మరి" అన్నారు. "టీ తాగొస్తానండి" అని వెళ్ళి ఇక రాలేదు. నేను ఖాళీ కుర్చీకేసి చూస్తూ కూర్చున్నాను. గడువు అయ్యాక నేను గెలిచానన్నారు. "ఏం చేసేవే గెలవడానికి?" అంది అత్తయ్య. "కూర్చున్నానత్తయ్యా." "అంతేనా? ఈ ఆటేదో బాగుందే!" అంది. రెండో ఆటలో తెల్లని పంచె, చెవుల మీద వెంట్రుకలు ఉన్న ఒక పెద్దాయన. ఆట మొదలయ్యే ముందు అత్తయ్య లేచి, "బాబుగారూ, ఒక్క నిమిషం తల వంచండి" అని, నా ఆట గురించీ, ఆయన ఆరోగ్యం గురించీ, ఆయన ఇంట్లోవాళ్ళ గురించీ ప్రార్థన చేసింది. ఆయన నుదుట నిలువు నామం ఉంది. అయినా చేతులు జోడించుకుని ఆసాంతం నిలబడి, "ఆయ్, ఆమెన్ అండి" అన్నారు. అంత మంచాయన నన్ను ఓడిస్తారా! "ఆ ఏనుగు అక్కడెట్టకమ్మా, పోతాది" అని నా ఎత్తులు నా చేతే వెనక్కి తీయించి, చివరికి బోర్డు మీద ఇంకా సగం బలగం ఉండగానే, "చంటిపిల్లని ఓడించి ఏం కట్టుకుంటానండి, నేనే వదిలేసేను" అని లేచిపోయారు. ఆయనకి దణ్ణం పెట్టాను. లోపల మాత్రం ఏడుపొచ్చింది. రెండు ఆటలు గెలిచాను. నేనెంతదాన్నో మాత్రం ఇంకా తెలియలేదు.

మూడో ఆటలో పాలిటెక్నిక్ కుర్రాడొకడు. నా మొహం వంక ఒక్కసారి కూడా చూడలేదు గానీ, ఆట మాత్రం పళ్ళు బిగించి ఆడాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఫ్యాను, అత్తయ్య, గది అన్నీ మరిచిపోయాను. ఒక చోట ఏనుగుని కావాలనే వదిలేసి, దాని వెనక గుర్రంతో అతని రాజుని మూల దాకా తరిమాను. ఆట కట్టయ్యేసరికి చుట్టూ మూగినవాళ్ళు గొల్లున నవ్వారు. ఆ నవ్వు తగలాల్సింది కాదు, పాపం ఆ కుర్రాడికి తగిలింది. మొహం కందిపోయి, "ఆవిడ సైగలు చేసేరండి! ఆ గోడవార కూర్చున్నావిడ! ఆటంతా పెదాలు కదుపుతానే ఉన్నారు, నేను చూసేను" అని అరిచాడు.

"నేను ప్రార్థన చేసుకుంటున్నానయ్యా" అంది అత్తయ్య.

"ఏమనండి?"

"ఈ ఆట తొరగా అయిపోవాలని."

గది ఘొల్లుమంది గానీ కుర్రాడు వదల్లేదు. అతని స్నేహితులు అతని పక్షం, మిగతావాళ్ళు నా పక్షం. (నా పక్షమంటే నా పక్షమనీ కాదు, అతని ఎదురు పక్షం.) సెక్రటరీ గారు ఇద్దరినీ నొప్పించలేక విచారణ పెట్టారు. అత్తయ్యని బోర్డు దగ్గరికి పిలిచి, "అమ్మా, ఏమీ అనుకోకండి. ఇందులో రాజేదో చెప్పండి చాలు" అన్నారు. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని, అందరినీ పేరుపేరునా చూస్తున్నట్టు బలగమంతా చూసి, చివరికి ఒక ఏనుగుని పట్టుకుని, "ఈయనేనా అండి? నెమ్మదిగా, తిన్నగా నిలబడ్డాడు" అంది. దాంతో కేసు కొట్టేశారు. అంతా నవ్వుకుని, టీలు తెప్పించుకుని, ఆ కుర్రాణ్ణి సముదాయించి, మళ్ళీ బల్లలు సర్దేసరికి కిటికీలోంచి ఎండ గోడ మీదకి ఎక్కేసింది.

నాలుగో ఆట, ఆఖరిది, కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయనతో. (మనసులో కళ్ళజోడు గారని పేరు పెట్టుకున్నాను.) ఆయన కాలవల శాఖలో కుర్ర ఇంజనీరు, కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చాడు. ఆ గదిలో ఆయన్ని ఓడించినవాళ్ళు ఎవరూ లేరని అందరూ చెప్పుకుంటున్నారు. బల్ల సర్దుతున్నప్పుడు ఆయన నా దగ్గరికి వచ్చి, నమస్కారమైనా పెట్టకుండా, "ఇందాక ఏనుగుని వదిలేసేరే, అది ముందే చూసేరా, తర్వాత కలిసొచ్చిందా?" అన్నాడు. "ముందే చూసేనండి" అన్నాను. "బంటుతో దాన్ని తీసుకోకుండా ఉంటే?" "అప్పుడు మంత్రి వచ్చేదండి." ఆయన ఒక్క నిమిషం గాల్లోకి చూసి, తల ఊపి, "కష్టమే" అన్నాడు. నాకు ఆ ఒక్క మాటతో ఒళ్ళంతా వెచ్చబడింది. పొద్దున్నించి ఆ గదిలో నాకు నిమ్మరసం ఇచ్చినవాళ్ళున్నారు, ఫ్యాను ఇచ్చినవాళ్ళున్నారు, ఆట కూడా ఇచ్చేసినవాళ్ళున్నారు. ఈయన మాత్రం ప్రశ్న అడిగాడు. ఈయనతో ఓడినా సరే, నేనెంతదాన్నో తెలిసిపోతుంది. తెల్ల బలగం నాకు వచ్చింది. రాజు ముందున్న బంటుని రెండు గళ్ళు జరిపాను. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచనలో పడ్డాడు.

అప్పుడు చప్పట్లు వినిపించాయి. సెక్రటరీ గారు చేతిలో ఒక పెద్ద స్టీలు బిందె పట్టుకుని, నవ్వు మొహంతో వస్తున్నారు. "మహిళల్లో ప్రథమ బహుమతి!" అని చదివారు. (ఉన్నది ఒక్క మహిళే. అత్తయ్యని లెక్కేసినా ఇద్దరం.) "అమ్మా, మీరు ఏరు దాటాలి గదా, చీకటి పడిపోతాది. అందుకని మీది ముందిచ్చేస్తన్నాం. బస్టాండు దాకా మా వాణ్ణి రిక్షా కట్టమన్నాను, ఆలస్యం చెయ్యకండి."

"ఆట ఉంది కదండీ" అన్నాను.

"ఇంకా ఆటెందుకమ్మా? ప్రైజు వచ్చేసింది గదా!" అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

కళ్ళజోడు గారు లేచాడు. "అదేం కుదరదండి. ఆడకుండా నేనెలా గెలుస్తాను? రేపు ఆడతాం." "రేపు ఆదివారం బాబూ, ఆరాధన మానేసి ఆటలా?" అంది అత్తయ్య. "పోనీ ఎల్లుండి?" "ఎల్లుండి హాలు పెళ్ళివారికి ఇచ్చేసేమండి" అన్నారు సెక్రటరీ గారు. "అయితే నేనే వాళ్ళ ఊరు వెళ్ళి ఆడతానండి, సైకిలుందిగా" అన్నాడాయన. గదిలో ఎవరో దగ్గారు. అత్తయ్య ఆయన్ని పైనించి కిందికి చూసి, "పెళ్ళయిందా బాబూ?" అంది. "లేదండి." "పెళ్ళికాని కుర్రాడు పిల్లని చూడ్డానికి ఇంటికొచ్చి, బల్ల వేసుక్కూచుంటే ఊరు ఊరుకుంటాదా? కాఫీలివ్వాలి, మీ పెద్దోళ్ళెవరని అడగాలి..." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా చివరిసారి ప్రయత్నించాడు: "కార్డు మీద ఒక్కో ఎత్తూ రాసి పంపుకోవచ్చండి, అలా ఆడేవాళ్ళున్నారు." "ఉత్తరాలా!" అంది అత్తయ్య, గుండె మీద చెయ్యి వేసుకుని. గదిలో చాలామంది నవ్వారు. ఆయన నా వంక చూశాడు. నాన్నగారికి మాటిచ్చాను, ఆ మాట నాకు బరువుగా ఎప్పుడూ అనిపించలేదు, ఆ ఒక్క నిమిషం తప్ప. బిందె ఎత్తుకున్నాను. ఆయన తన కుర్చీలో కూర్చుండిపోయాడు, బోర్డు మీది నుంచి చూపు తియ్యకుండా.

రేవుకి మేం పరుగున చేరేసరికి పంటు అవతలి ఒడ్డున ఉంది. పోటు తీసి నీళ్ళు తగ్గడంతో బురదలో దిగబడిందట. నీళ్ళు ఎక్కేదాకా కదలదన్నారు. ఒడ్డున ఇసుకలో బిందె బోర్లించి దాని మీద కూర్చున్నాను. చీకటి నింపాదిగా పడింది. ఒక ఆట ఆడి, కాదంటే రెండాటలు ఆడి వచ్చినా అందే పంటు అది. అత్తయ్య నా మొహం చూసి, ఏమనుకుందో, తన పైట చెంగు నా భుజాల మీద కప్పి, "ఆ అబ్బాయి మంచోడేనే" అంది మెల్లగా. నాకు కావలసింది మంచివాడు కాదని ఆవిడకి ఎలా చెప్పను? పక్కన కొబ్బరి బస్తాల మీద కూర్చున్న పెద్దాయన బిందె చూసి, "పెళ్ళికెళ్ళొస్తన్నారేటండి?" అన్నాడు. "కాదు బాబూ, మా పిల్లకి చదరంగంలో ఫస్టొచ్చింది" అంది అత్తయ్య గర్వంగా. "అబ్బో! ఎంతమందిలో అండి?" అత్తయ్య కాసేపు నీళ్ళకేసి చూసి, "ఆడోళ్ళలో" అంది.

తాతయ్య ఆ రాత్రి మేలుకునే ఉన్నాడు. "ఏమైందమ్మా?" అంటే జరిగింది జరిగినట్టు చెప్పాను. చదరంగం పెట్టె తడుముకుని మూసి, "అయితే తెలీలేదన్నమాట" అన్నాడు. అంతే. ఆ మరుసటి ఏడు ఆయనకి చూపు పూర్తిగా పోయింది, ఆ తర్వాతి ఏడు ఆయనే లేకుండా పోయాడు. నేను మళ్ళీ ఏ పోటీకీ వెళ్ళలేదు. వెళ్ళొద్దని ఎవరూ అనలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు చెడు చేసినవాళ్ళు ఒక్కరూ లేరు. అందరినీ తలుచుకుని దేవునికి స్తోత్రం చెల్లిస్తూనే ఉన్నాను, సైగలన్న కుర్రాడితో సహా. ఆ గదిలో నాతో పూర్తిగా ఆడినవాడు అతనొక్కడే కదా.

ఆఖరి ఆటలో ఒక్క ఎత్తు వేశాను. దానికి కళ్ళజోడు గారి జవాబు ఏమిటో ఇప్పటికీ తెలియదు. ఆయన ఇప్పుడెక్కడున్నాడో, ఉన్నాడో లేడో. అందుకని ఆయన ఎత్తులు కూడా నేనే వేస్తుంటాను, కూర తరుగుతున్నప్పుడూ, ఆసుపత్రిలో చీటీ పట్టుకుని కూర్చున్నప్పుడూ. ఆయన తరఫున ఆడేటప్పుడు మోసం చెయ్యకూడదని, నాకంటే ఎక్కువసేపు ఆయన కోసమే ఆలోచిస్తాను. నిన్న పొద్దున పప్పు కడుగుతుండగా ఆయన గుర్రాన్ని ఎక్కడినుంచో తెచ్చి నా మంత్రిని పట్టేశాడు. కాస్తయినా జాలిపడలేదు. ఎంత హాయిగా అనిపించిందో! వంటింట్లో ఒక్కదాన్నే పైకే నవ్వేశాను.