తిరిగే పల్లం

మా అత్తగారికి చూపు తగ్గిందన్న సంగతి ఇంట్లో అందరికంటే ముందు నా వేళ్ళకి తెలిసింది. మా వీధి ఆడవాళ్ళం కోలాటం నేర్చుకుంటున్న రోజులవి, రెండు వేల మూడో నాలుగో. అప్పట్లో మా పాలకొల్లు చుట్టుపక్కల ఏ ఊరు చూసినా ఆడవాళ్ళ కోలాటం జట్టే. చేతుల్లో రెండేసి కోలలు, కాళ్ళకి గజ్జెలు, అందరికీ ఒకే రంగు చీర. భక్తి కొద్దీ మొదలుపెట్టామని పైకి చెప్పుకున్నాం గానీ, పక్క ఊరివాళ్ళు నేర్చుకుంటే మనకేం తక్కువ అన్నదే అసలు కారణం.

మేం పదహారు మందిమి. ఎనిమిది మంది లోపలి వలయంలో, ఎనిమిది మంది బయటి వలయంలో, ఎదురెదురుగా నిలబడాలి. మనకి ఎదురుగా ఉండి మన కోలకి కోల తగిలించే మనిషిని ఉద్ది అంటారు. మాకు కోలాటం నేర్పే మాస్టారు పొడుగులు చూసి నిలబెట్టేసరికి నా ఉద్దిగా మా అత్తగారే వచ్చారు. పెళ్ళయిన పదకొండేళ్ళలో మేమిద్దరం అంతసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. పులుసులో ఉప్పెక్కువైందని ఆవిడ గోడతో చెప్పేవారు, నేను గిన్నెల చప్పుడుతో జవాబిచ్చేదాన్ని. నాకు ముక్కుమీద కోపం. ఆవిడ నాకంటే రెండాకులు ఎక్కువే చదివారు. మమ్మల్నిద్దర్నీ ఎదురెదురుగా చూసి మిగతావాళ్ళంతా పమిట చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

తీరా చూస్తే జట్టు మొత్తానికీ ఆవిడే మొనగత్తె. వాళ్ళ నాన్నగారు వాళ్ళ ఊళ్ళో మగవాళ్ళ కోలాటానికి పెద్దట. ఆడపిల్ల బయటికొచ్చి ఆడకూడదు గనక గుమ్మంలో కూర్చుని చూసేవారట, వడ్లు చెరుగుతూ చేటమీద తాళం వేసేవారట. అరవై దాటాక ఆడే అవకాశం వచ్చింది. మేం పాట మధ్యలో తాళం జారవిడిచి దిక్కులు చూస్తుంటే, ఆవిడ కోల చప్పుడు పట్టుకునే మళ్ళీ దారిలో పడేవాళ్ళం. కోలలు పట్టుకున్నప్పుడు ఆవిడ మొహంలో ఉండే వెలుగు చూస్తే, ఈవిడేనా మా ఇంట్లో గోడతో మాట్లాడేది అనిపించేది.

కోలాటంలో ఒక్కో రకం ఆటని కోపు అంటారు. అందులో కోలలు తలపైకెత్తి కొట్టే కోపు మొదలవగానే నా వేళ్ళకి దెబ్బలు మొదలయ్యాయి. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి గోరు నల్లబడింది. పులుసు సంగతి మనసులో పెట్టుకుని కొడుతున్నారనుకున్నాను. రెండు రోజులు అన్నం పెట్టి పలకరించకుండా లోపలికెళ్ళిపోయాను. మూడోరోజు వంటింట్లో, చెక్కబీరువా పై అరలో ఎదురుగా ఉన్న పసుపు డబ్బా కోసం ఆవిడ అరంతా తడుముతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

ఇంట్లో బట్టల కొట్టుకని చెప్పి నేనే భీమవరం తీసుకెళ్ళాను. కళ్ళ డాక్టరుగారు నీటికాసులన్నారు. శుక్లమైతే కోసి తీసేసేవాళ్ళం, ఇది అలా కాదు, పోయిన చూపు తిరిగిరాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికి జీవితాంతం చుక్కలు వేసుకోవాలన్నారు. ఎదురుగా ఉన్నదీ, కిందున్నదీ ఆవిడకి బాగానే కనబడుతుంది. పైనున్నది కనబడదు. బస్సులో వస్తూ చుక్కల మందు సీసా నా సంచీలో పెట్టేసి, పదకొండేళ్ళలో మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మాయ్, ఇంట్లో చెప్తే చెప్పుకో. జట్టులో మాత్రం చెప్పకు. చూపు లేనిదాన్ని ఎవరు ఆడనిస్తారు? ఇదొక్కటీ పోనియ్యకు."

చెప్పనన్నాను. ఆ సాయంత్రం నుంచే అందరూ కోలలు తలపైన కలుపుతుంటే నేను మాత్రం ఆవిడకి కనబడేలా గుండెల దాకా దించడం మొదలుపెట్టాను. ఆ తర్వాత నా వేళ్ళకి ఒక్క దెబ్బా తగల్లేదు. నా భయమల్లా గొలుసు కోపు గురించే. అందులో లోపలి వలయం కుడికి, బయటి వలయం ఎడమకి తిరుగుతాయి, దెబ్బకో ఉద్ది మారుతుంది. ఎనిమిది మంది ఎదురుగా ఆవిడ ఆడాలి. ఎవరి వేళ్ళు చితుకుతాయో, ఎవరు అరుస్తారో అని ప్రాణాలు ఉగ్గబట్టుకునేదాన్ని. ఏమీ జరిగేది కాదు. ఆవిడ చెవి అంత గొప్పదనుకున్నాను. నేను కాపాడుతున్నాను గనక ఆవిడ పరువు నిలబడుతోందని కొంచెం గర్వపడ్డాను కూడా.

ఆ వేసవిలో ఓ పెద్ద ఊళ్ళో పోటీ పెట్టారు. మధ్యాహ్నం ఎండ తిరిగాక శామియానా కింద ఆట. ఎత్తుగా కట్టిన వేదికమీద ముగ్గురు జడ్జీలు. వాళ్ళలో పెద్దాయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. మేం అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. గొలుసు కోపు పూర్తయ్యేసరికి జనం లేచి చప్పట్లు కొట్టారు. మా అత్తగారు చెమట తుడుచుకుంటూ నావైపు చూసి నవ్వారు. ఫస్టు ప్రైజు మనదే అనుకుని, ఆ స్టీలు బిందెలు ఎవరింట్లో పెట్టాలా అని కూడా మాట్లాడుకున్నాం.

మైకులో మూడు జట్ల పేర్లు చదివారు, మాది లేదు. బోర్డుమీద అంటించిన మార్కుల కాగితం చూస్తే తాళంలో అందరికంటే మాకే ఎక్కువ. సమానత అన్న గడిలోనే దారుణంగా కోసేశారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా మాస్టారు వద్దండి, వెళ్ళిపోదామండి అంటున్నా వినకుండా జడ్జీల బల్ల దగ్గరికి వెళ్ళాను. తాళం బాగుందంటూనే సమానత లేదనడం ఏం న్యాయమని గట్టిగానే అడిగాను. డ్రాయింగు మాస్టారు నొచ్చుకోలేదు. ఒక కాగితం వెనక్కి తిప్పి, పెన్సిలుతో సున్నా గీశారు.

"మీ వలయంలో ఒకచోట పల్లం ఉందమ్మా. అందరి కోలలూ తలపైన కలుస్తుంటే ఒక్క జంటవి గుండెల దగ్గర కలుస్తున్నాయి. పోనీ ఆ జంట పొరపాటనుకుందామంటే, ఆట తిరిగేకొద్దీ పల్లమూ తిరుగుతోంది. మీలో ఒక పెద్దావిడ ఉన్నారు కదండీ, ఆవిడ ఎవరి ఎదురుకొస్తే వాళ్ళు కోల దించుతున్నారు. ఎనిమిది మందీ దించారు. నేను లెక్కపెట్టాను."

పెన్సిలు కింద పెట్టి, అదేమిటో నాకు అర్థం కాకపోలేదండి, కానీ దానికి ఈ కాగితంలో గడి లేదు అన్నారు.

నా వెనక గజ్జెలు కదిలాయి. నా కోపం సంగతి తెలిసిన మనిషి గనక, నన్ను వెనక్కి లాక్కెళ్దామని మా అత్తగారు వచ్చి నిలబడ్డారు. మొత్తం విన్నారు.

మర్నాడు నేను బయటి వలయంలోని ఏడుగురి ఇళ్ళకీ వెళ్ళాను. అందరూ ఒకటే మాట. ఎప్పుడో ఒకసారి వేళ్ళమీద దెబ్బ పడిందట, సంగతి గ్రహించారట, అప్పటినుంచీ దించుతున్నారట. నాకొక్కదానికే తెలుసనుకున్నానండి, మీకు తెలిస్తే బాధపడతారని చెప్పలేదండి అని ఏడుగురూ నాతోనే అన్నారు. కొట్టు నడిపే ఆవిడైతే వేలికి కట్టు కట్టుకుని కత్తిపీటకి తెగిందని ఇంట్లో అబద్ధం చెప్పిందట. ఆ గుమ్మంలో నిలబడి నేను ఏడ్చేశాను. వాళ్ళంతా అన్నాళ్ళూ గుట్టుగా దాచినదాన్ని నా నోటి దురుసు ఒక్క నిమిషంలో బయటపెట్టింది.

మా అత్తగారు గజ్జెలు గుడ్డలో చుట్టి పెట్టెలో పడేశారు. మూడు సాయంత్రాలు మేం ఆట నేర్చుకునే కళ్ళం వైపు రాలేదు. నాలుగోరోజు నేనే పక్కన కూర్చుని, తప్పు నాది, నన్ను తిట్టండి అన్నాను. తిట్టలేదు.

"ఎనిమిది మంది నాకోసం దించుతుంటే, నేనే బాగా ఆడేస్తున్నాననుకున్నానే. ఎంత మిడిసిపడ్డానో," అన్నారు.

నాకు మెత్తటి మాటలు రావు. తాళంలో ఫస్టు మనమే వచ్చాం అత్తయ్యగారూ, అది మా మొహాలు చూసి వేసిన మార్కు కాదు, మేం పదిహేను మందిమీ మీ చప్పుడు విని కాళ్ళు కదుపుతాం, మీరు రాని ఈ మూడు రోజులూ ఆట చూసి కుక్కలు కూడా నిలబడలేదు అన్నాను. కాసేపయ్యాక పెట్టె మూత చప్పుడైంది.

కళ్ళంలో ఆవిణ్ణి చూసి మాస్టారు కంగారుపడ్డారు. తలపైకెత్తే కోపు జోలికే పోకుండా అడుగుల కోపులు ఆడించారు. ఆవిడ ఊరుకోలేదు, ఆ ఎత్తు కోపే ఆడించమన్నారు. ఇప్పుడు బహిరంగంగా దించితే ఆవిడ నొచ్చుకుంటారేమో, దించకపోతే ఎలా అని సందేహపడి నేను కోల మధ్యలో ఆపాను. దెబ్బ నా వేలిమీద పడింది. ఆట ఆగిపోయింది. ఆవిడ కోలలు రెండూ చంకలో పెట్టుకుని అందరివైపూ తిరిగారు.

"దొంగచాటుగా అయితే బాగానే దించారు గదే, ఇప్పుడేమొచ్చింది? నాకు పైన కనబడదు. అందరూ కిందే కొట్టండి. ఒక్క మడి పల్లమైతే తప్పు గానీ, చేనంతా ఒక్క మట్టంగా ఉంటే పల్లమని ఎవడంటాడు?"

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, ఆయ్, అలాగేనండి అని తాళాలు అందుకున్నారు. పదహారు జతల కోలలూ గుండెల దగ్గర కలిశాయి.

మరుసటి ఏడు పోటీలో ఇంకో జడ్జిగారు మా ఆటకి ఎత్తు చాల్లేదని మార్కులు కోశారు. బల్ల దగ్గరికి నేను వెళ్ళలేదు. మా అత్తగారు ఆ తర్వాత ఆరేళ్ళు ఆడారు. చివరి ఏడాది ఆవిడకి పైనా కిందా ఏదీ కనబడేది కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ దాచలేదు. వలయం తిరుగుతుంటే తన ఎదురుకి ఎవరొచ్చారో ఆవిడ ఎవర్నీ అడిగేవారు కాదు. నా దగ్గరికొచ్చి కోల తగలగానే మాత్రం, ఆట ఆపకుండానే నవ్వుతూ అనేవారు.

"ఇంత కోపంగా తగిలేది నువ్వేలే."