ముట్టని ప్లస్ వన్ పుస్తకం

ఎంట్రన్స్ పరీక్షలో మార్కులు తగ్గాయంటే చాలు, చదువుల ప్రమాణాలు పడిపోయాయని గొంతు చించుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పడిపోవడానికి అవి ఎప్పుడు నిలబడి ఉన్నాయి కనక? చెన్నై పురసవాక్కంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇరవై రెండేళ్లు ఫిజిక్స్ చెప్పినదాన్ని. ఆ భాగోతం నాకు తెలియనిది కాదు.

అప్పట్లో మా రాష్ట్రంలో మెడికల్ సీటుకైనా ఇంజనీరింగ్ సీటుకైనా ప్లస్ టూ, అంటే పన్నెండో తరగతి మార్కులే లెక్క. పదకొండో తరగతి, అదే ప్లస్ వన్ మార్కులు ఎవరికీ అక్కర్లేదు. అక్కర్లేని పాఠాలు చెప్పడానికి మేమేమైనా వెర్రివాళ్లమా? జూన్‌లో ప్లస్ వన్ పుస్తకాలు చేతికిచ్చేవాళ్లం, జూలైలో ప్లస్ టూ పాఠాలు మొదలుపెట్టేవాళ్లం. ఒకే పుస్తకాన్ని రెండేళ్లు నమిలించేవాళ్లం. జవాబులు నేనే డిక్టేట్ చేసేదాన్ని. ఎవరైనా సొంత మాటల్లో రాస్తే ఎర్ర ఇంకుతో కొట్టేసేదాన్ని. ఫలితాలు రాగానే గేటుకు ఫ్లెక్సీ, దాని మీద ఫుల్ మార్కుల పిల్లల ఫొటోలు, మాకు కరస్పాండెంటు గారి చేతుల మీదుగా పట్టుచీరలు. అదీ మా ప్రమాణం.

మా అన్న కూతురు నా క్లాసులోనే చదివింది. డాక్టరు కావాలని దానికి చిన్నప్పటి నుంచీ పట్టుదల. ప్లస్ టూ ఫిజిక్స్‌లో రెండొందలకు రెండొందలూ తెచ్చుకుంటే అన్న వీధంతా మైసూర్ పాకు పంచాడు. సరిగ్గా ఆ ఏడే మెడికల్ సీట్లకు నీట్ వచ్చి పడింది. అందులో దాదాపు సగం ప్రశ్నలు ప్లస్ వన్ పాఠాల్లోవి. పిల్లకు వచ్చిన మార్కులు బయటికి చెప్పుకునేలా లేవు. సీటు రాలేదు.

"ఈ పరీక్షే మోసం గదే, మన బిడ్డకి రానిదేముండాది?" అని అన్న ఎగిరాడు. స్టాఫ్‌రూంలో నా తోటి టీచర్లు టీ తాగుతూ ఈ తరం పిల్లలకు బుర్రలే లేవని తేల్చేశారు. కోడంబాక్కంలో ఒక కోచింగ్ సెంటరువాళ్లు ఏకంగా దేశంలో తెలివితేటలే అడుగంటాయని కరపత్రం వేసి, కింద తమ ఫీజులు అచ్చేశారు. దేశం మీద ఎంత బెంగో! నేను అందరినీ చూసి నవ్వుకున్నాను. అసలు తప్పు ఎక్కడుందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను.

"కోచింగూ వద్దు, గీచింగూ వద్దు. ఏడాది నా కాడ కూర్చోబెట్టు, ప్లస్ వన్ అంతా నేనే చెప్తా" అని అన్నకు మాటిచ్చాను. ఆ మాట నమ్మి పిల్ల కాలేజీలో వచ్చిన బీఎస్సీ సీటు వదులుకుంది.

మొదటి రోజు పుస్తకం తెచ్చింది. రెండేళ్ల కిందట వేసిన అట్ట కూడా నలగలేదు. గొప్పకు పోయి, వాలు బల్ల మీద గోళం దొర్లే లెక్క తీశాను.

"ఈ పాఠం స్కూల్లో చెప్పనే లేదు గదా అత్తా" అంది.

"సరి, ఇప్పుడు చెప్తా విను" అన్నాను.

బొమ్మ గీశాను. బాణాలు పెట్టాను. సూత్రం రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. కాలేజీలో నేర్చుకున్నది ఇరవై రెండేళ్లలో ఎప్పుడు ఆవిరైపోయిందో నాకే తెలియదు. పుస్తకం చివర ఉన్న జవాబు ఒకటి, నాకు వచ్చింది ఇంకొకటి. రెండు పేజీలు నిండిపోయాయి.

పిల్ల నా పెన్ను వంకే చూసింది.

"నీకూ రాదా అత్తా?" అంది. అందులో వెక్కిరింపు లేదు. ఉంటే బాగుండేది, నాలుగు తిట్టి తప్పించుకునేదాన్ని.

"రాదు" అన్నాను.

"అట్లయితే నేనేం చేసేది?" అంది.