తలుపు అవతల తగ్గిన వోల్టులు

ఇది రాసి పెట్టక తప్పదు. కంప్యూటరు బోర్డుకు యూఎస్‌బీ పరికరం కనిపించడం లేదని ఎవరిని అడిగినా లోకం చెప్పే వైద్యం ఒక్కటే: ఆపి మళ్లీ వేయండి. నేను పదకొండుసార్లు ఆపి వేశాను. నా తర్వాత వచ్చేవాడికైనా పన్నెండోసారి తప్పాలి.

నేను కాలేజీ మెట్లెక్కలేదు. చిక్కబళ్లాపురం గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న ఎలక్ట్రానిక్సు పుస్తకాలు రెండు, అట్ట నుంచి అట్ట దాకా చదివాను. బాగేపల్లిలో మా అంగడి వెనక గదిలో, అరచేయంత బోర్డుకు ఒక యూఎస్‌బీ పెట్టె తగిలించాను. అందులో వేడి కొలిచే సెన్సారు, కెమెరా ఉంటాయి. వేడి పెరిగితే ఫోను మోగుతుంది. ఇంట్లో బుద్ధిగానే మోగింది.

చింతామణి దగ్గరి పల్లెలో మా చిన్నమ్మ పట్టుపురుగులు పెంచుతుంది. పోయిన పంటలో ఆమె ఆకు కోయడానికి తోటకు పోయినప్పుడు ఇల్లు వేడెక్కి, పురుగులు మేత మానేసి చచ్చాయి. మొత్తం గుంతలో పోసింది. ఈసారి పురుగులు చివరి పొర విడిచాయి. ఇంకో వారం బతికితే గూళ్లు కడతాయి. ఆ వారాన్ని కాపాడటానికి నా విద్యతో సహా దిగాను.

పురుగుల ఇంట్లోకి బయటివాళ్లను రానివ్వరు, రోగం తెస్తారని. అందుకే నేనూ బోర్డూ వసారాలో, పెట్టె లోపల, మధ్య మూడు ముక్కలు కలిపిన పొడవాటి సన్నని కేబులు. అలాంటి పరికరమేదీ లేదంది బోర్డు. రెండు పుస్తకాలు చదివినవాడు కేబులును అనుమానిస్తాడా? డ్రైవరును తీసి మళ్లీ ఎక్కించాను. యూఎస్‌బీలో గుచ్చే చిన్న మీటరు బోర్డు దగ్గర నిండుగా అయిదు వోల్టులు చూపింది. కరెంటు నిర్దోషి అని తీర్పిచ్చాను.

“పొద్దున్నుంచి ఏం చేస్తాండావప్పా? ఎండ ఎక్కుతాండాది,” అంది చిన్నమ్మ.

“ప్రోగ్రాములో ఏదో తప్పుంది చిన్నమ్మా. నీకు చెప్పినా అర్థం కాదు.”

ఆమె కేబులును వేళ్ల మధ్య నలిపి చూసింది. “వెయ్యడుగుల బోరులో మోటరు దింపి, ఇంత సన్న వైరు ఇస్తే తిరుగుతాదా? పైన స్టార్టరు కాడ కరెంటు బాగానే చూపిస్తాది. అడుగున మోటరు కాడ చూసినావా?”

“నన్ను లోపలికి రానియ్యవు కదా!”

“నాకు చేతుల్లేవా? ఇట్లియ్యి.”

మీటరు తుడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి పోయింది. “నాలుగు, చుక్క, ఒకటి!” అని అరిచింది.

అయిదు వోల్టుల్లో దాదాపు ఒకటి దారిలోనే అయిపోయింది.

“లోపల బల్బు పక్కన ప్లగ్గు ఉండాది. బోర్డునే ఆడ పెడితే పోలేదా?”

“ప్లగ్గుందని చెప్పలేదే!”

“నువ్వు అడిగితే కదప్పా. వచ్చినప్పటి నుంచి చెప్తానే ఉండావు.”

బోర్డును ఆమే లోపల పెట్టి, జానెడు కేబులుతో కలిపింది. బోర్డుకు పెట్టె వెంటనే కనిపించింది. మధ్యాహ్నం తోటలో ఆమె ఫోను మోగింది. పరుగున వచ్చి కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టింది. నేను వసారాలో కూర్చుని, పురుగులు ఆకు నమిలే చప్పుడు విన్నాను.

ఇంటికొచ్చి రెండో పుస్తకం తెరిచాను. తీగ పొడవు పెరిగితే, సన్నబడితే వోల్టేజీ పడిపోతుందని ఉంది. ఆ వాక్యం కింద పెన్సిలు గీత. నా గీతే.

సాయం చేసినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. పేరు రాస్తే ఊరంతా బోర్డులు పట్టుకొస్తారని చిన్నమ్మ ఒప్పుకోలేదు. కాబట్టి, మీటరు చదివిన చిన్నమ్మకు. గడువు దాటినా పుస్తకాలు అడగని గ్రంథపాలకుడికి. “ఎంత దూరమైనా పనిచేస్తాది సార్” అని కేబులు అమ్మిన పెద్దమనిషికి. నా మొహం చూడకుండానే గూళ్లు కట్టిన పురుగులకు.